పత్తి సాళ్లలో ట్రాక్టర్ కల్టివేటర్: కొత్తది కొనాలా, ఉన్నదాన్నే సర్దుకోవాలా?

ప్రశ్న: మాది ఆదిలాబాద్ జిల్లా. నల్లరేగడి భూమి 9 ఎకరాలు ఉంది. ఏడెకరాల్లో పత్తి, రెండెకరాల్లో కంది వేస్తాం. పత్తికి మూడడుగుల అచ్చు (గింజ పెట్టే గీతలు) తోలి గింజ పెడతాం, కందికి నాలుగడుగుల సాలు. 42 హార్స్‌పవర్ ట్రాక్టర్, ఎనిమిదేళ్ల కిందట కొన్న తొమ్మిది చెక్కల స్ప్రింగు కల్టివేటర్ ఉన్నాయి కాని వాటిని దుక్కికి మాత్రమే వాడుతున్నాం. కలుపు తీయడానికి కూలీలు దొరకడం లేదు. గుంటుక తోలడానికి ఎడ్లు ఒక జతే మిగిలాయి. స్క్రూ తిప్పితే చెక్కల మధ్య దూరం పెరిగి తగ్గే కొత్త రకం కల్టివేటర్‌ను ఒక డీలరు చూపించి, పత్తిలో కలుపంతా దానితోనే పోతుందని చెబుతున్నారు. వెల్డింగ్ షాపువాళ్లేమో పాతదానికే కొత్త రంధ్రాలు వేసి ఇస్తామంటున్నారు. నిరుడు మా పక్క చేనులో ట్రాక్టర్‌తో సాళ్ల మధ్య పాటు (కలుపు పోయేలా దున్నడం) చేయబోతే మొక్కలు చాలా వరకు తొక్కుడుపడ్డాయి. ఈ వానాకాలానికి కొత్త కల్టివేటర్ కొనమంటారా? సబ్సిడీ వస్తుందా? ఎడ్లను అమ్మేయవచ్చా?

సమాధానం: ఈ ఏడాదికి కొత్త కల్టివేటర్ కొనవద్దు. మీ దగ్గర ఉన్న కల్టివేటర్‌కు చెక్కలు, అంటే టైన్లు, ఫ్రేముకు బోల్టులతో బిగించి ఉంటే (తొమ్మిది చెక్కల స్ప్రింగు రకాల్లో ఎక్కువగా అలాగే ఉంటాయి) పత్తి సాళ్లలో అంతరకృషికి, అంటే సాళ్ల మధ్య పాటుకు, కావలసిన సర్దుబాటు దానిలోనే ఉంది. మీరు మార్చవలసింది ముందుగా ట్రాక్టర్ చక్రాల మధ్య దూరం. ఆ తర్వాత విత్తే ముందు అచ్చు తోలే పద్ధతి. కల్టివేటర్ సంగతి మూడోది. పక్క చేనులో మొక్కలు పోవడానికి కూడా కల్టివేటర్ కంటే టైర్లే కారణమై ఉండే అవకాశం ఎక్కువ. ఎందుకో లెక్కతో చెబుతాను. చేతిలో టేపు పెట్టుకుని చదివితే ఇంకా మంచిది.

ముందుగా మీ ట్రాక్టర్ వెనక చక్రాల మధ్య దూరం కొలవండి. ఎడమ టైరు మధ్య నుంచి కుడి టైరు మధ్య వరకు ఉండే దూరమే మనకు కావలసింది, కాని టైరు మధ్యభాగాన్ని కంటితో గుర్తించడం కష్టం కాబట్టి ఎడమ టైరు బయటి అంచు నుంచి కుడి టైరు లోపలి అంచు వరకు కొలిస్తే అదే కొలత వస్తుంది. ఈ తరగతి ట్రాక్టర్లకు సాధారణంగా వచ్చే 13.6-28 టైరు వెడల్పు సుమారు 34 సెంటీమీటర్లు. రోడ్డు మీద ట్రాలీ లాగడానికి, దుక్కికి అనువుగా చక్రాలను దగ్గరగా పెట్టుకుని తిరిగే ట్రాక్టర్లే మన ఊళ్లలో ఎక్కువ. మీది 150 సెంటీమీటర్ల దగ్గర ఉందనుకుందాం. సాలు దూరం 90 సెంటీమీటర్లయితే ట్రాక్టర్ రెండు సాళ్లను కాళ్ల మధ్య పెట్టుకుని నడవాలి. అప్పుడు ట్రాక్టర్ నడిమి గీతకు ఇటు 45, అటు 45 సెంటీమీటర్ల దూరంలో మొక్కలుంటాయి. చక్రం మధ్యభాగం 75 దగ్గర, దాని లోపలి అంచు 58 దగ్గర పడుతుంది. అంటే మొక్కకూ టైరుకూ మధ్య మిగిలేది 13 సెంటీమీటర్లు. స్టీరింగు కాస్త అటూ ఇటూ అయినా, సాలు ఒకచోట కొద్దిగా వంకర తిరిగినా టైరు మొక్క మీదికే వస్తుంది. ఎంత నేర్పరి డ్రైవరైనా ఎకరం పొడవునా ఆ 13 సెంటీమీటర్లలో నెట్టుకురాలేడు.

అదే చక్రాల మధ్య దూరాన్ని 180 సెంటీమీటర్లకు పెంచితే చక్రం సరిగ్గా రెండు సాళ్ల నడుమ, అంటే 90 దగ్గర నడుస్తుంది. టైరు లోపలి అంచు 73 దగ్గర ఉంటుంది కాబట్టి లోపలి సాలు మొక్కకు 28 సెంటీమీటర్లు, అవతలి సాలు మొక్కకు కూడా అంతే ఖాళీ దొరుకుతుంది. చక్రాల దూరం సాలు దూరానికి రెట్టింపు ఉండాలన్నదే ఇక్కడ సూత్రం. డీలరు చూపించిన కల్టివేటర్ ఎంత గొప్పదైనా ఈ లెక్కను మార్చలేదు, ఎందుకంటే అది టైర్ల వెనక వస్తుంది.

చాలా ట్రాక్టర్లలో వెనక చక్రాల దూరాన్ని సుమారు 130 నుంచి 190 సెంటీమీటర్ల వరకు, మెట్టుకు పదేసి సెంటీమీటర్ల చొప్పున మార్చుకునే వీలుంటుంది. రిమ్ముకూ మధ్య డిస్కుకూ ఉన్న బోల్టులు విప్పి, డిస్కును తిరగేసో రిమ్మును అటుదిటు మార్చో ఇది చేస్తారు. మీ మోడలుకు ఎక్కడి వరకు వెళ్తుందో ట్రాక్టర్‌తో ఇచ్చిన పుస్తకంలో పట్టికగా ఉంటుంది. టైరులో నీళ్లు నింపి ఉన్నా, ఇనుప బరువులు తగిలించి ఉన్నా చక్రం చాలా బరువు తూగుతుంది కనుక ఈ పని ఇంటి దగ్గర జాకీతో కాకుండా మెకానిక్ చేతనే చేయించండి. ఎడమ చక్రాన్ని కుడికి మార్చవలసి వస్తే టైరు మీది బాణం గుర్తు ముందుకు తిరిగే దిశలోనే ఉండేలా చూసుకోవాలి. ముందు ఇరుసును కూడా దానికి తగ్గట్టు జరిపి, ముందు చక్రాలు కూడా సాళ్ల మధ్యనే నడిచేలా బిగించాలి. వెనకవి మార్చి ముందువి అలాగే వదిలేసిన ట్రాక్టర్లు మొక్కల్ని ముందు టైరుతో తొక్కుతాయి. మీ ట్రాక్టర్ 170 దగ్గరే ఆగిపోతే దిగులుపడనక్కరలేదు. సాలును 85 సెంటీమీటర్లకు తగ్గించుకుంటే లెక్క మళ్లీ కుదురుతుంది. పత్తికి అయిదు సెంటీమీటర్ల తేడా పెద్ద విషయం కాదు.

ఇక కల్టివేటర్. తొమ్మిది టైన్ల రకంలో ముందొక వరుస, వెనకొక వరుసగా టైన్లు ఉన్నా, నేల మీద గీసే గీతలను చూస్తే పక్కపక్క గీతల మధ్య సాధారణంగా 22.5 సెంటీమీటర్లు, అంటే తొమ్మిది అంగుళాలు ఉంటుంది. మీదీ అంతే ఉందేమో కొలుచుకోండి. ఎడమ నుంచి కుడికి ఒకటి నుంచి తొమ్మిది వరకు అంకెలు వేసుకుంటే, అయిదోది ట్రాక్టర్ నడిమి గీత మీద ఉంటుంది. నాలుగు, ఆరు దానికి 22.5 దూరంలో, మూడు, ఏడు 45 దూరంలో, రెండు, ఎనిమిది 67.5 దూరంలో, ఒకటి, తొమ్మిది 90 దూరంలో ఉంటాయి. మొక్కలు ఎక్కడున్నాయి? 45 దగ్గర. అంటే మూడో టైను, ఏడో టైను సరిగ్గా సాళ్ల మీదే పడుతున్నాయి. ఆ రెండింటిని విప్పి షెడ్డులో పెడితే మిగిలిన ఏడు టైన్లు సాళ్ల మధ్య మాత్రమే నడుస్తాయి. చివరి రెండూ, అంటే ఒకటి, తొమ్మిది, చక్రాలు నడిచిన గాడిలోనే పడి టైరు అదిమిన మట్టిని మళ్లీ గుల్ల చేస్తాయి. నల్లరేగడిలో ఈ పని చిన్నది కాదు. ఒక సాలు సందులోంచి ట్రాక్టర్ వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి నడుస్తుంది కాబట్టి చక్రాల గాడిలో టైన్లు లేకపోతే అక్కడి నేల గట్టిపడి నీరు నిలుస్తుంది.

ఇందులో ఇంకొక సౌకర్యం ఉంది. మీరు అచ్చు తోలి గింజ పెడతారు కదా, ఆ అచ్చును కూడా ఇదే ట్రాక్టర్‌తో, ఇదే కల్టివేటర్‌తో తోలండి. ఈసారి మూడు, ఏడు తప్ప మిగిలిన ఏడు టైన్లు తీసేయండి. ఆ రెండు టైన్లు 90 సెంటీమీటర్ల దూరంలో రెండు అచ్చు గీతలు గీస్తాయి. చేను చివర ఒక కర్ర పాతి దానికి గురిపెట్టి మొదటి వరస నిటారుగా తోలితే, రెండో వరసలో ఎడమ చక్రాన్ని ఇందాకటి కుడి చక్రం గాడిలోనే నడిపితే చాలు. చక్రాల దూరం 180 కనుక కొత్త గీతలు పాత గీతలకు తమంతట తామే 90 సెంటీమీటర్ల దూరంలో పడతాయి. విడిగా మార్కరు అక్కరలేదు. అచ్చు నాటి చక్రాల గాడులే తర్వాత కలుపు నాటి దారులవుతాయి, కాబట్టి ఒకవేళ వరస కొద్దిగా వంకరపోయినా ట్రాక్టర్ కూడా ఆ వంకరనే అనుసరిస్తుంది. పక్క చేనులో అచ్చు ఎడ్లతో తోలి, కలుపుకు ట్రాక్టర్ దింపి ఉంటారనిపిస్తోంది. ఎడ్ల అచ్చులో సాలుకూ సాలుకూ మధ్య నాలుగైదు సెంటీమీటర్ల హెచ్చుతగ్గులు మామూలే. ఎడ్ల గుంటుక ఒక్కొక్క సాలులో విడిగా నడుస్తుంది కాబట్టి ఆ తేడాను సరిపెట్టుకోగలదు గాని, ఒకేసారి మూడు సందుల్లో నడిచే ట్రాక్టర్ సరిపెట్టుకోలేదు. మీరు నిలువు, అడ్డం రెండు వైపులా అచ్చు తోలేవారైతే అడ్డం కూడా ఇదే పద్ధతిలో తోలుకోండి. అప్పుడు రెండు దిశల్లోనూ పాటు చేయవచ్చు.

డీలరు చూపించిన స్క్రూ రకం గురించి. ఒక్క కడ్డీ తిప్పితే టైన్లన్నీ ఒకేసారి దగ్గరకో దూరానికో జరగడం చూడ్డానికి బాగుంటుంది. సోయాకు ఒక దూరం, మొక్కజొన్నకు ఒక దూరం, సాంద్ర పద్ధతిలో దగ్గరదగ్గరగా వేసే పత్తికి 80 సెంటీమీటర్లు, ఇలా రకరకాల సాళ్లలో కిరాయికి తోలేవారికి దానితో సమయం కలిసివస్తుంది. కాని ఆ రకంలో టైన్ల మధ్య ఖాళీలన్నీ సమానంగా పెరుగుతాయి, సమానంగా తగ్గుతాయి. అంతరకృషికి కావలసింది సమానమైన ఖాళీలు కావు, మొక్క ఉన్నచోట వెడల్పుగా, మొక్క లేనిచోట దగ్గరగా ఉండే ఖాళీలు. పైగా ఆ స్క్రూ, దాని జారుడు కీళ్లు మట్టిలో అరిగి వదులైతే టైను ఊగుతుంది, ఊగిన టైను మొక్కను కోస్తుంది. ఏడాదికి రెండుమూడుసార్లు మార్చుకునే మీకు ఒక స్పానరూ ఒక గంట సమయమూ చాలు. ఎప్పుడైనా కొత్తది కొనవలసి వస్తే, చదరపు పైపు ఫ్రేము మీద యు-బోల్టు బిగింపుతో ఒక్కొక్క టైనును విడిగా ఎక్కడికైనా జరుపుకోగలిగే రకం అడగండి.

వెల్డింగ్ షాపులో రంధ్రాలు వేయించడం మీద నాకు అంత మంచి అభిప్రాయం లేదు. ఫ్రేము యాంగిల్‌కు దగ్గరదగ్గరగా రంధ్రాలు పడితే, దుక్కిలో బరువు పడినప్పుడు అక్కడే వంగుతుంది, లేదా పగులుతుంది. టైనును నాలుగైదు సెంటీమీటర్లు జరపవలసి వస్తే రంధ్రం బదులు మందపాటి పట్టీ, రెండు యు-బోల్టులతో బిగింపు చేయించండి. మరొక మాట. విరిగిన స్ప్రింగును వెల్డింగ్ చేయించవద్దు. ఆ వేడికి స్ప్రింగు ఉక్కులోని పదును పోయి మొదటి రాయి తగలగానే మళ్లీ విరుగుతుంది.

దుక్కికి వాడే సన్నటి కర్రులతోనే కలుపుకు దిగితే ఫలితం సగమే. ఆ కర్రు నేలను చీలుస్తుంది గాని రెండు గీతల మధ్య ఉన్న కలుపు మొక్కను కోయదు. రెండు రోజుల తర్వాత చూస్తే గీతకూ గీతకూ నడుమ గడ్డి పచ్చగానే ఉంటుంది. ఎడ్ల గుంటుక కలుపును బాగా తీయడానికి కారణం దాని అడ్డపు పాస నేల కింద మొత్తం వెడల్పునూ కోసుకుంటూ పోవడమే. ట్రాక్టర్‌కు ఆ పని చేసేవి బాతు కాలి ఆకారంలో ఉండే వెడల్పు బ్లేడ్లు, వీటిని దుకాణాల్లో స్వీప్ అంటారు. మీ డబ్బు ఖర్చుపెట్టవలసింది వీటి మీద. నడుమనున్న అయిదో టైనుకు, చివరనున్న ఒకటి, తొమ్మిదో టైన్లకు 35 సెంటీమీటర్ల బ్లేడ్లు, మొక్కల పక్కన నడిచే రెండు, నాలుగు, ఆరు, ఎనిమిదో టైన్లకు 15 సెంటీమీటర్ల బ్లేడ్లు పెట్టండి. అప్పుడు మొక్కకు దాదాపు 15 సెంటీమీటర్ల దూరం వరకు బ్లేడు వస్తుంది. విత్తిన 20, 25 రోజుల మధ్య చేసే మొదటి పాటుకు ఇది సరిపోతుంది. ఒక బ్లేడు అంచూ పక్క బ్లేడు అంచూ రెండుమూడు సెంటీమీటర్లు ఒకదానిమీదొకటి రావాలి. మధ్యలో ఖాళీ ఉంటే అక్కడ కలుపు వరసగా మిగిలిపోయి కనిపిస్తుంది కాబట్టి మీకే తెలుస్తుంది. కొనే బ్లేడ్ల బోల్టు రంధ్రాల దూరం మీ టైన్లకు సరిపోతుందో లేదో షాపులోనే పాత కర్రును పక్కన పెట్టి చూసుకోండి.

రెండో పాటు నాటికి, అంటే సుమారు 35 నుంచి 40 రోజులకు, పత్తి పక్కవేర్లు సాలు సందులోకి పాకుతాయి. అప్పుడు మొక్కల పక్కనున్న నాలుగు టైన్లను మొక్కకు దూరంగా మరొక అయిదారు సెంటీమీటర్లు జరపాలి. నాలుగు, ఆరు నడిమి వైపుకు, రెండు, ఎనిమిది చక్రాల వైపుకు జరుగుతాయన్నమాట. మీరు అడిగిన సర్దుబాటు అసలు అవసరపడేది ఇక్కడే. జరపడానికి వీలు లేకపోతే ఆ నాలుగింటికి బ్లేడ్లు తీసి పాత సన్నటి కర్రులే పెట్టండి.

బిగింపు పని పొలంలో పెట్టుకోవద్దు. ఇంటి ముందు సిమెంటు గచ్చు ఉంటే ట్రాక్టర్‌ను అక్కడ నిలిపి, ముందు ఇరుసు నడిమి నుంచీ వెనక డ్రాబారు (ట్రాలీ తగిలించే కడ్డీ) నడిమి నుంచీ దారానికి బరువు కట్టి వేలాడదీసి, ఆ రెండు బిందువులను కలుపుతూ సుద్దముక్కతో గీత గీయండి. దానికి ఇరువైపులా 45 సెంటీమీటర్ల దూరంలో మరో రెండు గీతలు గీస్తే అవి మీ పత్తి సాళ్లు. నాలుగు చక్రాల కింద 5 సెంటీమీటర్ల మందం చెక్కపలకలు పెట్టి ట్రాక్టర్‌ను వాటి మీదికెక్కించి, కల్టివేటర్‌ను గచ్చుకు ఆనేదాకా దింపండి. పలకల మందమే రేపు పొలంలో లోతు. బ్లేడ్లన్నీ ఒకేసారి గచ్చుకు ఆనుతున్నాయా, సుద్దగీతలకు ఇరుపక్కలా సమాన దూరంలో ఉన్నాయా అన్నది అప్పుడు తేలిపోతుంది. ముందు వరుస ఆని వెనక వరుస గాలిలో ఉంటే టాప్ లింక్‌ను, అంటే కల్టివేటర్‌ను పైన ట్రాక్టర్‌కు కలిపే కడ్డీని, పొడవు చేయాలి, వెనక వరుస ముందే ఆనితే పొట్టి చేయాలి. ఎడమ కుడి తేడా ఉంటే కుడి లిఫ్ట్ రాడ్ (కింది లింకును పైకెత్తే కడ్డీ) మీదున్న పిడి తిప్పి సమం చేయాలి. ఆఖరున కింది లింకుల పక్కన ఉండే చెక్ చైన్లను బిగించండి. దుక్కిలో అవి కాస్త వదులుగా ఉన్నా నడుస్తుంది, పత్తి సాళ్లలో వదులుగా ఉంటే కల్టివేటర్ పక్కలకు ఊగి మొక్కల్ని ఊడబెరుకుతుంది. ట్రాక్టర్ చక్కగా నడుస్తున్నా మొక్కలు తెగుతున్నాయంటే నేనైతే ముందు ఆ చైన్లే చూస్తాను. టైన్లు మార్చేటప్పుడు హైడ్రాలిక్ మీద ఎత్తి ఉంచిన కల్టివేటర్ కిందకి చేయి పెట్టవద్దు, కింద దిమ్మెలు పెట్టి, ఇంజను ఆపిన తర్వాతే స్పానరు పట్టుకోండి.

పొలంలో లోతు 5 సెంటీమీటర్లు, మహా అయితే 7. అంతకు మించితే కలుపు ఎక్కువ చావదు గాని పత్తి వేర్లు తెగుతాయి, నేలలోని తేమ పోతుంది. హైడ్రాలిక్‌ను డ్రాఫ్ట్ కంట్రోల్ మీద కాకుండా, పరికరాన్ని ఒకే ఎత్తులో పట్టి ఉంచే పొజిషన్ కంట్రోల్ మీద పెట్టండి. డ్రాఫ్ట్‌లో గట్టినేల తగిలినప్పుడు పరికరం పైకి లేచి, మెత్తనేలలో దిగబడుతుంది కనుక లోతు ఒకేలా ఉండదు. కల్టివేటర్‌కు రెండు వైపులా లోతు చక్రాలు పెట్టించగలిగితే ఇంకా నయం. చిన్న గేరులో మనిషి నడక వేగంతో వెళ్లాలి. వేగం పెరిగితే మట్టి ఎగిరి లేత మొక్కల్ని కప్పేస్తుంది. బ్లేడు దిగడం లేదని ఫ్రేము మీద పిల్లవాణ్ణో కూలీనో కూర్చోబెట్టి తోలడం మన దగ్గర మామూలుగా కనిపించే దృశ్యమే. మనిషి జారితే టైన్ల కిందికే పోతాడు. దిగకపోతే బ్లేడు అరిగిందనో, టాప్ లింక్ పొడవు ఎక్కువైందనో అర్థం. ఇక చేను రెండు చివర్లా ట్రాక్టర్ మలుపు తిరగడానికి అయిదారు మీటర్ల మేర ముందే విడిచిపెట్టి, అక్కడ వేరే పంటను అడ్డంగా వేసుకోండి. ఈ స్థలం వదలడానికి చాలామందికి మనసొప్పదు, తీరా చూస్తే ఆ చివరి మొక్కలన్నీ మలుపులోనే పోతాయి.

నేల పదును, అంటే దున్నడానికి తగిన తేమ, గురించి నల్లరేగడి రైతుకు నేను కొత్తగా చెప్పేది లేదు. పిడికెడు మట్టి పిసికి ఉండ చేసి నడుమెత్తు నుంచి వదిలితే పగిలి విడిపోవాలి, అతుక్కుని ఉంటే ఆ రోజు ట్రాక్టర్ దించవద్దు. ఎడ్లు దిగగలిగిన రోజున రెండు టన్నుల ట్రాక్టర్ దిగకూడదు, కనీసం మరో రోజో రెండు రోజులో ఆగాలి.

ఈ పద్ధతి చేయలేని పనులు కూడా ఉన్నాయి, డీలరు మాటల్లో అవి వినిపించవు. సాలులోనే మొక్క పక్కన మొలిచిన కలుపును ఏ కల్టివేటరూ తీయదు, దానికి చేయీ కొడవలీ కావాలి. కాకపోతే ఆరుమంది కూలీల పని ఇద్దరి పనికి తగ్గవచ్చు. తుంగ, గరిక ఎక్కువగా ఉన్న భాగంలో పాటు చేస్తే తుంగ గడ్డలు, గరిక కాండాల ముక్కలు బ్లేడుకు తగులుకుని చేనంతా పాకుతాయి, కాబట్టి ఆ భాగాన్ని అన్నిటికంటే ఆఖరున తోలి, బ్లేడ్లు కడిగి బయటికి తీసుకురండి. ట్రాక్టర్ ఇరుసు కింద నేలకు ఉండే ఎత్తు 40 సెంటీమీటర్లకు అటూ ఇటూ కనుక పత్తి అంతకంటే పెరిగి గూడ (పూమొగ్గలు) పట్టాక రెండు సాళ్ల మీదుగా నడపడం కుదరదు, పూత గూడ రాలిపోతుంది. అంటే పెద్ద ట్రాక్టర్‌తో మీకు దక్కేది రెండు పాట్లు. విత్తిన 48 గంటల్లోపు తగిన తేమలో పెండిమిథాలిన్ వంటి కలుపు మందు, డబ్బా మీద రాసిన మోతాదులో చల్లుకుంటే మొదటి పాటు దాకా ఊపిరి దొరుకుతుంది. కలుపు బాధ తట్టుకోలేక గ్లైఫోసేట్ అనే కలుపు మందును తట్టుకుంటుందని చెప్పి అమ్మే అనుమతి లేని పత్తి విత్తనాల జోలికి మాత్రం పోవద్దు. బిల్లు లేని ఆ విత్తనం మొలవకపోయినా, కాయకపోయినా అడిగే దిక్కు ఉండదు.

కందిని నాలుగడుగుల సాలులో వేస్తున్నామన్నారు. పత్తి కోసం చక్రాలను 180 దగ్గర బిగించిన ట్రాక్టర్ ఈ 120 సెంటీమీటర్ల సాలుకు సరిపోదు. ఒక సాలును కాళ్ల మధ్య పెట్టుకుంటే టైరుకూ పక్క సాలు మొక్కకూ మధ్య 13 సెంటీమీటర్లే మిగులుతుంది, రెండు సాళ్లను పెట్టుకోవాలంటే చక్రాలు 240 దాకా పోవు. కందిని 180 సెంటీమీటర్ల సాలుకు మార్చండి. బలమైన నల్లరేగడిలో వానాకాలపు కందికి అది తగిన దూరమే, మొక్కల మధ్య 20 సెంటీమీటర్లు ఉంచితే సరిపోతుంది. అప్పుడు అవే చక్రాలు, అదే కల్టివేటర్ చాలు. మూడు, ఏడు టైన్లను తిరిగి బిగించి, సాలు మీద పడే అయిదోదాన్ని ఒక్కదాన్ని తీస్తే ట్రాక్టర్ ఒక్క సాలు మీదుగా నడుస్తుంది. సందు వెడల్పుగా ఉందనిపిస్తే మధ్యలో పెసరో సోయానో వేసుకోవచ్చు గాని, వేస్తే అక్కడ ట్రాక్టర్ పాటు మాట మరిచిపోవాలి.

సబ్సిడీ విషయానికి వస్తే, 2014-15లో మొదలైన కేంద్ర వ్యవసాయ యాంత్రీకరణ ఉప పథకం కింద కల్టివేటర్ వంటి పరికరాలకు చిన్న, సన్నకారు, మహిళా, ఎస్సీ, ఎస్టీ రైతులకు ధరలో 50 శాతం, మిగిలినవారికి 40 శాతం, ఒక్కో పరికరానికి నిర్ణయించిన గరిష్ఠ పరిమితికి లోబడి ఇస్తారు. తొమ్మిదెకరాలు ఒక్కరి పేరనే ఉంటే చిన్న రైతు కిందకి రారు. పట్టాదారు పాసుపుస్తకం ఇంట్లో ఆడవాళ్ల పేర కొంత ఉంటే దరఖాస్తు వారి పేరుతో పెట్టడం మేలు. నిధులు విడుదలైనప్పుడే, అనుమతి పొందిన మోడళ్లకే వర్తిస్తుంది కాబట్టి ముందు కొనేసి తర్వాత అడిగితే రాదు. మీ క్లస్టర్ వ్యవసాయ విస్తరణ అధికారిని రైతు వేదిక దగ్గర కలిసి జాబితా చూడండి. డీలరును కూడా ఆ మోడలుకు పరీక్ష నివేదిక ఉందా అని అడగండి. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఉన్న కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్ష సంస్థ ఇటువంటి పరికరాలను పరీక్షించి నివేదిక ఇస్తుంది. దుక్కి పరికరాల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, డీలరు చెప్పే ధర పాతదా కొత్తదా అన్నది బిల్లులో చూసుకోండి. బ్లేడ్లు, యు-బోల్టులు, లోతు చక్రాలకు అయ్యే ఖర్చు కొత్త కల్టివేటర్ ధరలో చిన్న భాగమే కాబట్టి వాటికోసం సబ్సిడీకి ఎదురుచూస్తూ సీజన్ పోగొట్టుకోవద్దు.

ఎడ్లను ఈ ఏడాది అమ్మవద్దు. మీ ప్రాంతంలో జూలై, ఆగస్టుల్లో వాన వరుసగా పట్టుకుంటే నల్లరేగడిలోకి ట్రాక్టర్ రోజుల తరబడి దిగదు, సరిగ్గా మొదటి పాటు అవసరమయ్యేది అప్పుడే. వాన తెరిపిచ్చిన రెండో రోజున ఎడ్లు దిగి గుంటుక తోలగలవు, ట్రాక్టర్ ఆగవలసి వస్తుంది. పత్తి ఎదిగిన తర్వాతి పాట్లకు కూడా అవే దిక్కు, లేదా 90 సెంటీమీటర్ల సందులో పట్టే పవర్ వీడర్‌ను (ఇంజనుతో నడిచే చిన్న కలుపు యంత్రాన్ని) కిరాయికి తెచ్చుకోవాలి. ఊళ్లో అటువంటిది కిరాయికి దొరుకుతుందో లేదో ఇప్పుడే విచారించి పెట్టుకోండి. ఈ వానాకాలంలో ట్రాక్టర్ ఎన్నిసార్లు దిగగలిగింది, ఎడ్లను ఎన్నిసార్లు కట్టవలసి వచ్చింది అన్నది ఇంట్లో క్యాలెండరు మీద రాసి ఉంచి, దసరా తర్వాత ఆ లెక్క చూసుకుని ఎడ్ల సంగతి తేల్చుకోండి. ఎడ్లకు అంగట్లో ధర పలికే రోజులు కూడా అప్పటికి ఉంటాయి.